వేళ్ళకు అంటిన తంబాకు

మొదటిసారి ఒక ఎలుక నా చూపుడు వేలిని నాకినప్పుడు దాన్ని ప్రేమ అనుకున్నాను. జంతుశాలల్లో కొత్తగా పనికి చేరిన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, ఆ మాట దగ్గర కాసేపు ఆగండి. మీకూ ఏదో ఒక రోజు అలాగే అనిపిస్తుంది. అనిపించడం తప్పు కాదు. ఆ తర్వాత నేను చేసింది తప్పు.

కామారెడ్డి దగ్గర, హైవే నుంచి కొంచెం లోపలికి ఉన్న ఒక ఫార్మసీ కాలేజీలో జంతుశాల సహాయకుడిగా ఏళ్ళ తరబడి పనిచేసి ఈ మధ్యే మానుకున్నాను. మా ఇల్లు ఎల్లారెడ్డిలో. పొద్దున్నే బస్సు ఎక్కితే లింగంపేట దాటేదాకా నిద్రే. ఆ నిద్ర పూర్తిగా వదలకముందే పనిలోకి వెళ్ళేవాణ్ణి. అక్కడికి వెళ్ళాక వదలాల్సిన అవసరమూ ఉండేది కాదు. ఎందుకంటే ఆ గదికి కిటికీలు లేవు. దీపాలు వాటంతట అవే వెలిగి, వాటంతట అవే ఆరిపోయేవి. బయట రోహిణి ఎండలు మండుతున్నా, ముసురు పట్టినా లోపల ఒకటే చల్లదనం, ఒకటే వెలుతురు. తెల్ల ఎలుకలు పగలంతా ఒకదాని మీద ఒకటి పడుకుని ఊపిరి తీస్తుండేవి. ఆ ఊపిరి అంతా కలిసి సన్నటి వాన దూరంగా కురుస్తున్నట్టు వినిపించేది. నేను చాలా ఏళ్ళు ఆ వానలో నడిచాను.

మా కాలేజీలో పీహెచ్‌డీ చేసే అమ్మాయి ఒకామె ఉండేది. దోమకొండ వైపు వ్యవసాయం చేసే ఇంటి పిల్ల. స్కూటీ మీద వచ్చేది. నలుగురిలో నేను ఆమెను మేడం అనేవాణ్ణి, ఎవరూ లేనప్పుడు బిడ్డా అనేవాణ్ణి. ఆమె మాత్రం ఎక్కడైనా నన్ను కాకా అనే పిలిచేది. పక్షవాతం వచ్చాక మెదడులో ఏం మారుతుందో ఎలుకల్లో చూడటం ఆమె పని. ఒకరోజు నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"కాకా, మెదడును ఒక వాడ అనుకో. కణాలన్నీ ఇండ్లు. ఇండ్లకు తలుపులుంటయి గదా, గవే రిసెప్టర్లు. ఒకింటోళ్ళు కబురు పంపితే పక్కింటోళ్ళు తలుపు తీస్తరు. కబురు లోపలికి పోతది."

"మరి నెత్తురు ఆగిపోతే?"

"వాడల ఒక మూలకు నీళ్ళు బందైనట్టే. ఆ మూలకున్న ఇండ్లు పాడైతయి. మిగిలినోళ్ళు ఏం చేస్తరన్నదే నేను చూస్తున్న. తలుపులు మూసుకుంటరా, కొత్తగ ఇంకిన్ని పెట్టుకుంటరా అని."

"మా వాడల అయితే మూసుకుంటరు బిడ్డా," అన్నాను.

ఆమె పడి పడి నవ్వింది. "మీ ఎల్లారెడ్డోళ్ళ సంగతి నాకెందుకు కాకా, ఎల్కల సంగతి చెప్పు," అంది.

తలుపుల్లో చాలా రకాలున్నాయట. ఆమె చూసే రకానికి నికోటినిక్ అని పేరు. ఆ పేరు పంజరాల మీద అతికించిన కాగితాల మీద రోజూ కనిపించేది. మనుషుల ఇంటిపేర్లలా అదీ ఒక పేరే అనుకున్నాను. పేరుకు అర్థం ఉంటుందని, అడగాలని నాకు తోచలేదు.

పని ఎలా ఉండేదో రెండు మాటల్లో చెబుతాను. ఎలుకకు మత్తిచ్చి, మెడలోని రక్తనాళంలోకి సన్నటి దారం పోనిచ్చి, మెదడులో ఒక వైపుకు నెత్తురు కాసేపు ఆపేవారు. పోల్చి చూడటానికి దారం పోనివ్వని ఎలుకలు కొన్ని పక్కన ఉండేవి. కొన్ని రోజులయ్యాక వాటన్నిటి మెదళ్ళను తీసి, మంచులో పెట్టి హైదరాబాద్ పంపేవారు. అక్కడ పలుచటి పొరలుగా కోసి, ఆ తలుపులకు మాత్రమే అతుక్కునే మందు వేసి బొమ్మలు తీసేవారు. తలుపులు ఎక్కువున్న చోట బొమ్మ బాగా మెరుస్తుంది, లేని చోట మసకగా ఉంటుంది. ఆ బొమ్మలు మొదటిసారి చూసినప్పుడు పొద్దుగూకే ముందు మా ఊరి మీద నిలిచే మబ్బులు గుర్తొచ్చాయి.

మధ్యలో ఉన్న రోజులు నావి. మత్తు దిగాక ఆ ఎలుకలు ఒకే వైపుకు గుండ్రంగా తిరిగేవి. ఒక ముందుకాలు ముడుచుకుపోయేది. పైన జాలీలో పెట్టిన గట్టి మేత బిళ్ళల్ని అందుకోలేక వాసన చూసి వదిలేసేవి. వాటికి మేతను నీళ్ళలో నానబెట్టి, చిన్న గిన్నెలో కింద పెట్టాలి. చేతికి తొడుగులు వేసుకోవాలి. అనవసరంగా ముట్టుకోకూడదు. పెట్టిన మేత పుస్తకంలో రాయాలి. రూలు అదీ.

నేను గిన్నె పెట్టేవాణ్ణి. అవి గిన్నె చుట్టూ తిరిగి తిరిగి ఆయాసపడేవి. చూస్తూ ఉండటం నావల్ల కాలేదు. ఒకరోజు నా సద్దిలోని జొన్న రొట్టె ముక్క నానబెట్టి, వేలికొసన పెట్టి అందించాను. తిన్నది. తిన్నాక వేలిని నాకింది. ముందే చెప్పాను, దాన్ని నేను ప్రేమ అనుకున్నాను. మర్నాటి నుంచి దెబ్బ తిన్న ఎలుకలన్నిటికీ పూటపూటకూ నా చేత్తోనే తినిపించాను. పుస్తకంలో మాత్రం 'గిన్నెలో నానబెట్టిన మేత' అని రాశాను. ఎవరూ చూడని చోట రాసిన అబద్ధం అబద్ధంలా అనిపించదు. కనుక రోజూ రాశాను.

చేతి తొడుగుల సంగతి కూడా చెప్పాలి. మా ప్రాంతంలో చాలా ఇండ్లలో ఆడవాళ్ళు బీడీలు చుడతారు. మా ఇంటావిడా అంతే. చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే తునికాకు, తంబాకు, దారం తప్ప ఆమెకు లోకం ఉండదు. చుట్టడం ఆమె పని, చుట్టిన బీడీల మూతులు వేళ్ళతో ఒత్తి మూయడం నా పని. పొద్దున బస్సు వేళదాకా ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని అదే చేసేవాళ్ళం. తంబాకు పొడికి ఆమె వేళ్ళు నల్లబడి, చర్మం పగిలేది. అది చూడలేక కాలేజీ నుంచి తొడుగుల పెట్టె ఒకటి సంచిలో పెట్టుకుని తెచ్చాను. దొంగతనం అనే మాట అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు రాయడానికి వేరే మాట దొరకడం లేదు.

ఆమె ఒక తొడుగు వేసుకుని చూసి తీసి పారేసింది.

"ఏందయ్యా గివి? ఆకు మెత్తగున్నదా పెళుసుగున్నదా వేళ్ళకు తెల్వాలె గద! గీ సంచుల్ల చెయ్యి పెట్టుకుంట చుడితె ఏడాదికొక కట్ట అయితది. నీ ఎల్కలకే తొడుగు పో."

పక్కింటి పిల్లలు ఆ తొడుగుల్ని ఊది బుడగలు చేసి ఎగరేశారు. పెట్టె మళ్ళీ తీసుకెళ్ళి పెట్టడానికి మొహం చెల్లలేదు. కొత్తది అడిగితే పాతదేమైందంటారు. అందుకని వట్టి చేతులతోనే పని చేశాను. వెళ్ళగానే కుళాయి కింద చేతులు కడిగేవాణ్ణి, నిజమే. మూతులు ఒత్తి ఒత్తి గోళ్ళ సందుల్లోకి, వేళ్ళ గీతల్లోకి దిగిన పొడి ఒక్క కడుగుకు పోదు. ఆ చేతులతోనే రొట్టె నలిపి, నానబెట్టి, తినిపించాను.

మొదటి జట్టు ఎలుకల బొమ్మలు హైదరాబాద్ నుంచి వచ్చిన రోజు ఆమె మెట్ల మీద పరుగెత్తుకుంటూ కిందికొచ్చింది. దెబ్బ తగిలిన వైపు తలుపులు బాగా తగ్గి ఉంటాయని ఆమె అనుకుంది. అంతగా తగ్గలేదు. వింత అది కాదు. దెబ్బ తగలని రెండో వైపు, ఆరోగ్యంగా ఉన్న ఎలుకల కంటే ఎక్కువ మెరుస్తోంది.

"జూడు కాకా," అంది, బొమ్మ మీద వేలు పెట్టి. "మంచి దిక్కు కొత్త తలుపులు పెట్టుకుంటున్నది. పాడైన దిక్కు కబుర్లు గూడ ఇదే తీసుకుందామని చూస్తున్నదేమో! మీ వాడోళ్ళ లెక్క కాదు మెదడు."

ఆ మాట నాలోకి ఎలా దిగిందో చెప్పలేను. కొన్ని నెలలు నేను దాంట్లోనే బతికాను. బస్సులో పక్క సీటు మనిషి నిద్రలో నా భుజం మీదికి ఒరిగితే, మంచి దిక్కు సాయం చేస్తుందని అనుకునేవాణ్ణి. కాలు ఈడ్చుకుంటూ నడిచే ముసలాయన కనిపిస్తే, నీ తలలో ఎవరో నీకోసం తలుపులు తెరుస్తున్నారు తాతా అని మనసులో చెప్పేవాణ్ణి. ఆమెకు గైడుగా ఉన్న సార్ మంచివాడే, కాకపోతే తొందర మనిషి. ఈ ఫలితం అచ్చయితే ఆమెతోపాటు కాలేజీకీ పేరొస్తుందని అందరికీ చెప్పాడు. ఇంత దెబ్బ తిన్న ఎలుకలు బరువు తగ్గకుండా ఉన్నాయని నా వీపు తట్టి, "అంతా నీ చేతి చలువయ్యా," అన్నాడు.

మా స్టోర్ కీపర్ భిక్నూర్ మనిషి, నాకంటే ఏడాది పెద్ద, నోరు ఊరుకోదు. "ఏం దోస్త్, సైంటిస్టువైనవట గదా!" అనేవాడు. "నీ చెయ్యి జర నా నెత్తి మీద గూడ పెట్టు. నాకు గూడ నాలుగు తలుపులు తెరుచుకుంటె మా ఇంటామె చెప్పింది లోపలికి పోతది."

రెండో జట్టు ఎలుకలకు ఆపరేషన్లయ్యే సమయానికి నాకు చికున్‌గున్యా వచ్చింది. వేళ్ళు ముడవలేక, మంచం దిగలేక నెల దాకా ఎల్లారెడ్డిలోనే ఉండిపోయాను. నా బదులు స్టోర్ కీపర్ మేత పెట్టాడు. వాడికి ఎలుకలంటే అసహ్యం. రెండు జతల తొడుగులు వేసుకుని, గిన్నె పెట్టి, వెనక్కి చూడకుండా బయటికొచ్చేవాడట. అంటే రూలు ప్రకారం చేశాడు.

నేను తిరిగి వెళ్ళేసరికి ఆ బొమ్మలు కూడా వచ్చాయి. దెబ్బ తగిలిన వైపు తలుపులు తగ్గాయి. రెండో వైపు మామూలుగా ఉంది. మెరుపు లేదు.

సార్ ఒప్పుకోలేదు. రెండో జట్టే సరిగా జరగలేదన్నాడు. ఆపరేషన్‌లో ఆమె చెయ్యి తప్పిందేమోనన్నాడు. మళ్ళీ ఎనిమిది ఎలుకలతో చేసి చూడమని, మొదటిసారి ఎలా జరిగిందో అచ్చం అలాగే జరగాలని, మేత నేనే చూడాలని చెప్పాడు. ఆ మధ్యాహ్నం ఆమె జంతుశాల గుమ్మం దగ్గర నా పక్కన కూర్చుంది.

"కాకా, ఒకటడుగుత. ఏమనుకోకు. నువ్వు బీడీ తాగుతవా?"

"నా పెదవులకు బీడీ తాకలేదు బిడ్డా, ఒట్టు," అన్నాను.

"ఏం లేదు. ఈ తలుపులను తంబాకుల ఉండే నికోటిన్ గూడ తెరుస్తది. తంబాకు అలవాటున్నోళ్ళ మెదడుల ఈ తలుపులు పెరుగుతయి. అందుకే వీటికి ఆ పేరు. రెండు దిక్కులా పెరుగుతయి, మంచి దిక్కని చూడది. మొదటి జట్టుకు ఎక్కడన్న పొగ గిట్ల తగిలిందేమో అని నాకు అనుమానం."

"ఈడ ఎవ్వలు తాగరు బిడ్డా."

"మేత గిన్నెలనే పెట్టినవు గదా? పుస్తకంల గట్లనే ఉన్నది."

"గిన్నెలనే," అన్నాను.

మొదటి రెండు మాటలూ నిజాలు. మూడోది అబద్ధం. ఆ రెండు నిజాలు పక్కన నిలబడితే మూడోది కూడా నిజంలాగే కనిపించింది. ఆమె నమ్మింది.

సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి మా ఆవిడ చాట ముందు కూర్చుని ఉంది. చాటలో తంబాకు. దాని మీద ఆమె వేళ్ళు. ఆ వేళ్ళను చూస్తూ గుమ్మంలోనే నిలబడిపోయాను.

"ఏమైందయ్యా? దయ్యాన్ని చూసినట్టు నిలవడ్డవ్?"

"ఏం లేదు," అన్నాను. నా చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఇన్నేళ్ళూ నాకు తెలియని వాసన, పుట్టినప్పటి నుంచి నాతో ఉన్న వాసన, అప్పుడు తెలిసింది. కల నుంచి లేచాక మొదటి నిమిషంలో గది కొత్తగా కనిపిస్తుందే, అలా ఉంది మా ఇల్లు.

ఆ మర్నాడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పదకొండు రోజులు చెప్పలేదు. ఎందుకని నన్ను నేను చాలాసార్లు అడిగాను. నా ఉద్యోగం ఏటేటా సంతకం పడితేనే నిలిచే ఉద్యోగం, అదొక భయం. తొడుగుల పెట్టె బయటపడుతుందని ఇంకో భయం. వీటి కింద మూడోది ఒకటుంది, చెప్పడానికి సిగ్గేస్తుంది. నా చేతిలో ఏదో ఉందని జీవితంలో మొదటిసారి ఒకరన్నారు. ఆ మాటను చేజేతులా తుడిచేయడం ఇష్టం లేకపోయింది.

ఆ పదకొండు రోజుల్లో మూడో రోజున ఎనిమిది ఎలుకలకు ఆపరేషన్ జరిగింది. పంజరంలోంచి ఒక్కొక్కదాన్నీ తీసి ఆమె చేతికి అందించింది నేనే. ఈ ప్రయోగం దేన్నో నిరూపించడానికి కాదని, నా అబద్ధాన్ని కాపాడటానికే జరుగుతోందని ఆ గదిలో తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే. అవి వెచ్చగా ఉన్నాయి. నిద్రలోంచి లేపినందుకు ఒకటి రెండు ఆవలించాయి. అందించాను.

అచ్చం మొదటిసారిలాగే జరగాలని సార్ చెప్పాడు కదా అని రెండు రోజులు వట్టి చేత్తో, రొట్టెతో తినిపించాను. తర్వాత భయమేసింది. ఆ మర్నాటి నుంచి బీడీల దగ్గర కూర్చోవడం మానేశాను. మూతులు ఎవరు ఒత్తాలని మా ఆవిడ తిట్టింది. నిమ్మకాయతో, సబ్బుతో, బూడిదతో చేతులు తోమాను. స్టోర్ కీపర్ దగ్గర తొడుగులు అడిగి తెచ్చుకున్నాను. "ఏం దోస్త్, గిప్పుడు నీకు గూడ రోత పుట్టిందా?" అని నవ్వాడు వాడు. గిన్నె పెట్టి బయటికొచ్చేవాణ్ణి. ఇక శుభ్రంగా ఉన్నాను గదా, ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు అనుకున్నాను.

రెండు రోజులు అలా అనుకోగలిగాను. ఆ తర్వాత సంగతి అర్థమైంది. నా చేతులు శుభ్రమైతే ఈసారి మెరుపు రాదు. మెరుపు రాకపోతే మొదటి జట్టు ఫలితాన్ని ఆమే కల్పించిందంటారు. మురికి చేతులతో తినిపిస్తే లోకానికంతా అబద్ధం చెప్పినట్టు. కడిగిన చేతులతో పెడితే ఆ పిల్లను దొంగను చేసినట్టు. ఎటు చూసినా ఆమె మెడకే. నేను నోరు తెరిస్తే తప్ప ఆమెకు దారి లేదు.

పదకొండో రోజు పొద్దున సార్ ఆమెను గదికి పిలిచాడు. మూడో జట్టు మేత పుస్తకం తీసుకుని రమ్మని నన్నూ పిలిచాడు. నేను వెళ్ళేసరికి ఆమె నిలబడే ఉంది. బల్ల మీద ఆమె రాసిచ్చిన కాగితం ఉంది.

"మొదటి జట్టు వద్దు సార్," అంటోంది. "ఎట్ల వచ్చిందో నాకు తెల్వకుంట నేను దాన్ని రాయలేను. నాదే ఎక్కడో తప్పయ్యింది. ఈ పని ఇడిసిపెడుత."

"మూడేండ్ల పని ఇడిసిపెట్టి ఇంట్ల కూసుంటవా?" సార్ కోపంగా అన్నాడు. "రెండో జట్టు పక్కకు పెట్టు, మొదటిది రాయి. గింత మంచిది వస్తె కాళ్ళతోని తంతవేందమ్మా!"

"మంచిదని కాదు సార్. నిజమా కాదా అని."

నేను పుస్తకం బల్ల మీద పెట్టాను. చెప్పాల్సిన మాటలు బస్సులో వరుసగా పేర్చుకుని వచ్చాను. నోటికి వచ్చినవి అవేవీ కావు.

"ఆమె తప్పేం లేదు సార్. మేం బీడీలు చేస్తం."

ఇద్దరూ నా వైపు చూశారు. సార్‌కు అర్థం కాలేదు. ఆమెకు వెంటనే అర్థమైంది. కళ్ళు పెద్దవి చేసి నా మొహం వదిలి నా చేతుల్ని చూసింది.

"చేత్తోని తినిపించినవా కాకా?"

"తినిపించిన."

"తొడుగులు?"

"లేవు. ఇంటికి తీస్కపోయిన."

సార్ లేచి తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, "ఈ సంగతి ఇంకెవ్వలకన్న చెప్పినవా?" అని అడిగాడు. లేదన్నాను. "అయితే ఈ గదిలనే ఉండనీ," అన్నాడు. ఆయన్ని తప్పు పట్టడానికి నాకు నోరు లేదు. నేను పదకొండు రోజులు చేసిందే ఆయన ఒక్క నిమిషం చేశాడు.

"ఉండనీయను సార్," అంది ఆమె. కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. అప్పటికి ఆమె మొహంలో కోపం లేదు. వెతుకుతున్న వస్తువు దొరికిన మనిషి మొహంలా తేటగా ఉంది. ఆ ఒక్క క్షణం నాకు క్షమాపణ దొరికిందనే అనుకున్నాను.

అప్పుడు అడిగింది. "నీకెప్పుడు తెలిసింది కాకా?"

"నిన్న" అనే మాట నాలుక మీదికి వచ్చి నిలబడింది. ఎంత చిన్న మాటో. దాంతో అన్నీ సర్దుకునేవి.

"నువ్వు బీడీ తాగుతవా అని అడిగినవు గదా బిడ్డా, ఆ దినమే."

ఆమె లెక్క వేసుకోవడం నాకు కనిపించింది. పెదవులు కదిలాయి.

"అంటే ఆ ఎనిమిదింటిని తెలిసే నాకు ఇచ్చినవా?"

"తెలిసే ఇచ్చిన."

ఆమె కిటికీ వైపు తిరిగింది. బయట హైవే మీద లారీలు పోతున్నాయి.

ఆమె తర్వాత ఏమైందో మీరు అడుగుతారని తెలుసు. పని వదిలేయలేదు. ఇంకో ఏడాది పట్టింది. కొత్తగా చేసిన ప్రతిసారీ రెండో జట్టులో వచ్చిందే వచ్చింది. దెబ్బ తగిలిన వైపు ఆ తలుపులు తగ్గాయి, రెండో వైపు ఊరికే ఉంది. మంచి దిక్కు ఎవరికోసమూ కొత్త తలుపులు పెట్టుకోలేదు. ఆ అందమైన మాటంతా నా గోళ్ళ సందుల్లోంచి వచ్చింది. తన థీసిస్ పుస్తకంలో ఒక పేజీలో మొదటి జట్టు సంగతి, తినిపించిన చేతి సంగతి దాచకుండా రాసింది. డిగ్రీ వచ్చింది. నా ఉద్యోగం కూడా పోలేదు. తొడుగుల పెట్టె ఖరీదు జీతంలో కోసి, నాలుగు మాటలన్నారు, అంతే. స్టోర్ కీపర్ ఈ కథను చాలా ఏళ్ళు నవ్వుతూ చెప్పాడు. విన్నవాళ్ళూ నవ్వారు. వేళ్ళ సంగతి వింటే నవ్వొస్తుంది. నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. ఆ కథలో ఎనిమిది ఎలుకలు ఉండేవి కావు కనుక నవ్వగలిగాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నేను నిజం చెప్పిన ఆ పదకొండో రోజు మధ్యాహ్నం ఆమె జంతుశాలకు వచ్చింది. రెండు రోజులు తంబాకు చేత్తో, మిగతా రోజులు కడిగిన చేత్తో తిన్న ఆ ఎనిమిది ఎలుకలు ఏ లెక్కలోకీ రావు. కాళ్ళు ముడుచుకుపోయి తిరుగుతున్న వాటిని ఊరికే ఉంచడానికి రూలు ఒప్పుకోదు. నొప్పి లేకుండా ముగించాలి. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆ పని జరిగేటప్పుడు నేను గదిలో ఉండలేదు. ఎప్పుడూ ఏదో వంక పెట్టుకుని బయట చాయ్ తాగడానికి పోయేవాణ్ణి. ఆ రోజూ గుమ్మం వైపు నడిచాను.

"పోకు కాకా," అంది. గట్టిగా అనలేదు. "పట్టుకో."

పట్టుకున్నాను. ఒక్కొక్కదాన్నీ రెండు అరచేతుల్లో పట్టుకున్నాను. అవి భయపడలేదు. మత్తు ఎక్కుతుంటే ఊపిరి నెమ్మదించేది. దూరపు వాన తగ్గుముఖం పట్టినట్టు ఉండేది. చివర్లో చేతుల్లో బరువు మారేది. బరువు పెరుగుతుందో తగ్గుతుందో ఎనిమిదిసార్లయినా నాకు తెలియలేదు. ఆమె పంజరం నంబరు అడిగేది, నేను చెప్పేవాణ్ణి. మా ఇద్దరి మధ్య వేరే మాట లేదు.

అన్నీ అయ్యాక ఆమె ఒక ఫారం తీసింది. ప్రయోగం మధ్యలో జంతువుల్ని ముగిస్తే జంతు ప్రయోగాలకు అనుమతినిచ్చే నైతిక సంఘానికి పంపాల్సిన కాగితం. నంబర్లన్నీ నింపింది. కారణం అన్న చోట పెన్ను ఆగింది.

"ఇక్కడేం రాయాలె కాకా? నువ్వే చెప్పు."

మేతలో పొరపాటు అనొచ్చు. శుభ్రత లోపం అనొచ్చు. అవన్నీ మొదటి జట్టుకు సరిపోయే మాటలు.

"తెలిసిన మనిషి చెప్పలేదు, గందుకే అని రాయి బిడ్డా."

ఆమె దాన్ని ఇంగ్లీషులో రాసింది. రాసింది నాకు తెలుగులో చదివి వినిపించింది. కింద సంతకం పెట్టి, కాగితం నా వైపు జరిపింది. పరిశోధన కాగితం మీద నా సంతకం పడింది ఆ ఒక్కసారే. వంకర లేకుండా, పూర్తి పేరుతో పెట్టాను. ఆమె ఫారం తీసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. కడగాల్సిన పంజరాలు ఎనిమిది మిగిలాయి.